పీకలు ఏరిన విషాలమ్మ

ఆ వీధిలో సగం మంది ఆవిడ పేరు విశాల అనే నమ్ముతారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు. ఆవిడది ప్రభుత్వ ప్రయోగశాలలో విషపరీక్షాధికారి ఉద్యోగం. అపార్ట్‌మెంట్లో దిగిన కొత్తల్లో వాచ్‌మన్‌కి ఆ మాట నోరు తిరగక "విషాల డాక్టరమ్మ" అన్నాడు. ఏడాది గడిచేసరికి డాక్టరు ఊడిపోయి విషాలమ్మ మిగిలింది. పెళ్ళి పిలుపులు "శ్రీమతి విశాల గారికి" అని రావడం మొదలయ్యాక దిద్దడం మానేసింది. విషం కంటే విశాలమే నయం కదా అనుకుంది.

ఆవిడ పని పొగాకు విభాగంలో. కంపెనీలు తెచ్చిన ప్రతి సరుకునూ తాగకుండా, నమలకుండా, ముక్కున పీల్చకుండా, అది మనిషిని ఎంత పాడు చేస్తుందో చెప్పాలి. తాగే పని చెయ్యడానికి ప్రయోగశాలలో ఒక యంత్రం ఉండేది. దానికి వరసగా రంధ్రాలు, ఒక్కో రంధ్రంలో ఒక్కో సిగరెట్టు. ముట్టిస్తే నిమిషానికొక దమ్ము చొప్పున లాగి, పొగలోని తారంతా తెల్లటి వడపోత బిళ్ళల మీద పట్టి ఇచ్చేది. లాబ్ టెక్నీషియన్ దానికి "అల్లుడుగారు" అని పేరు పెట్టాడు.

"మరి కాదాండీ? పొద్దున్నే తుడవాలి, నూనె రాయాలి. గదిలో ఎక్కువ చల్లగా ఉండకూడదు, ఎక్కువ ఉక్కగా ఉండకూడదు. ఎదురుగాలి తగలకూడదు. ఇన్ని మర్యాదలూ చేయించుకుని సాయంత్రం దాకా పొగ వదలడం తప్ప ఇంకో పని చెయ్యడు" అనేవాడు. ఇద్దరు కూతుళ్ళకు పెళ్ళి చేసిన మనిషి, ఆయనకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

అలాంటి అల్లుడుగారి ముందుకు ఒకరోజు "హాయి" వచ్చింది.

హాయి అప్పటికే బజార్లో బాగా అమ్ముడుపోతున్న సిగరెట్టు. ఇప్పుడు కంపెనీవాళ్ళకి ఇంకో ముచ్చట పుట్టింది. పెట్టె మీద "మామూలు సిగరెట్టులో మూడో వంతు హాని మాత్రమే" అని అచ్చు వేసుకుంటాం, అనుమతి ఇవ్వండి అన్నారు. అల్లుడుగారి చేత తాగించి చూశారు. నిజమే, వడపోత బిళ్ళలు లేత పసుపు రంగు తేలాయి. మామూలు సిగరెట్లయితే మాడిన పెనంలా ఉంటాయి. టెక్నీషియన్ ఆ బిళ్ళల్ని వెలుతురులో పెట్టి "ఇదేదో నిజంగానే హాయిగా ఉన్నట్టుందండీ" అన్నాడు.

విషాలమ్మ ముట్టించని హాయి ఒకటి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఫిల్టరు చుట్టూ ఉన్న కాగితాన్ని గోటితో జాగ్రత్తగా ఒలిచి ఎండకు పట్టింది. ఉంగరం తొడిగినట్టు చుట్టూతా సూది మొన కంటే సన్నటి చిల్లులు. వాటిలోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా మెరిసింది.

"చూశారా? దమ్ము లాగినప్పుడల్లా ఈ చిల్లుల్లోంచి బయటి గాలి దూరి పొగని పలచన చేస్తుంది. అల్లుడుగారికి బిళ్ళలు లేతగా వచ్చాయంటే వస్తాయి మరి."

"అయితే మంచిదే కదండీ?"

"అల్లుడుగారికి మంచిదే. ఆయనకి వేళ్ళు లేవు, పెదాలు లేవు. మనిషి ఎక్కడ పట్టుకుంటాడో పట్టుకోండి."

టెక్నీషియన్ ఇంకోటి తీసుకుని రెండు వేళ్ళ మధ్య ఇరికించి పెదాల దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు కిందికి దించి చూసుకున్నాడు. వేళ్ళూ పెదాలూ కలిసి సరిగ్గా చిల్లుల వరస మీదే కూర్చున్నాయి.

"ఓరి వీళ్ళ తెలివి తెల్లారా!" అన్నాడు, సిగరెట్టు నోట్లోనే పెట్టుకుని.

చిల్లులు మూసుకుపోతే హాయి మామూలు సిగరెట్టే. అయితే ఆ ముక్క ఊరికే అంటే చెల్లదు. విషాలమ్మ డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళింది. రిటైర్మెంటు దగ్గర పడ్డ మనిషి. ఏ గొడవా లేకుండా ఆ కుర్చీలోంచి లేచి ఇంటికి పోవాలన్నది ఆయనకున్న ఏకైక ఆశయం.

"మనుషులు తాగేటప్పుడు కొలవాలి సార్."

"మనుషుల మీద పరీక్షంటే ఒక సంఘం ఒప్పుకోవాలి. ఆ సంఘాన్ని ఇంకో సంఘం ఒప్పుకోవాలి. హాయి అనుమతి మీద బహిరంగ విచారణేమో వచ్చే నెలే. చూడమ్మా, నీ అనుమానం నాకు అర్థమైంది. కానీ అనుమానాన్ని బల్ల మీద పెట్టలేం. పెట్టగలిగేది ఏదైనా తీసుకురా."

బల్ల మీద పెట్టగలిగేది ఏమిటా అని ఆలోచిస్తూ బస్టాపులో నిలబడితే, అది కాళ్ళ దగ్గరే కనపడింది. సిగరెట్టు పీకలు.

కాల్చి పారేసిన పీకకి నోటి వైపు చివర చూస్తే ఎవరెలా తాగారో చెప్పెయ్యొచ్చు. చిల్లులు తెరిచి ఉంటే చుట్టూ వచ్చే గాలి అంచుని కాపాడుతుంది, మరక కంటిపాపలా మధ్యలోనే పడుతుంది, చుట్టూ తెల్లటి అంచు మిగులుతుంది. చిల్లులు మూసుకుంటే చివరంతా ఒకటే గోధుమరంగు. అల్లుడుగారు తాగిన హాయి పీకలన్నీ కంటిపాపలే. మరి జనం తాగినవి?

విషాలమ్మ అటూ ఇటూ చూసింది. చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని వంగింది. చేతిసంచిలోంచి, లాబ్‌లో చిన్న ముక్కలు పట్టుకునే చిమటా తీసి, హాయి అని నీలం అక్షరాలున్న పీక ఒకటి పట్టుకుని, చివర తిప్పి చూసింది. అంచు దాకా గోధుమరంగే. ఆవిడకి పట్టరానంత సంతోషం వేసింది. ఆ సంతోషంలో రెండోది, మూడోది ఏరింది. బస్సు వచ్చి వెళ్ళిపోయింది కూడా.

మర్నాటి నుంచి అదే పని. మధ్యాహ్నం భోజనం వేళ ఒకరోజు కోర్టు గేటు ముందు, ఒకరోజు రైలు స్టేషను బయట, ఒకరోజు ఆస్పత్రి గోడ పక్కన. తడిసినవి, తొక్కినవి వదిలేసేది. పొడిగా, ఆకారం చెడకుండా ఉన్నవే చిన్న చిన్న సంచుల్లో వేసి పైన తారీఖూ చోటూ రాసేది. స్టేషను బయట బడ్డీకొట్టతను రెండు రోజులు చూసి ఊరుకున్నాడు. మూడో రోజు ఉండబట్టలేక బయటికి వచ్చాడు.

"అమ్మా, తప్పుగా అనుకోకండి. పెద్దింటివారిలా ఉన్నారు, ఏ కష్టమొచ్చిందో నేనడగను. ఇదుగో, కొత్తది, ఒకటి ఉంచండి. ఆ కింద పడ్డవి మాత్రం వద్దు."

"వద్దు నాయనా. నాకు ఎవరో ఒకరు తాగేసినవే కావాలి."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అందులోనూ హాయి అయితేనే" అంది విషాలమ్మ, మాట స్పష్టంగా ఉండాలి కదా అని.

అతను రెండడుగులు కూడా వెనక్కి తీసుకున్నాడు.

ఇదంతా ఆగి ఉన్న బస్సు కిటికీలోంచి మూడో అంతస్తు పిన్నిగారు చూసింది. మూడో అంతస్తు పిన్నిగారు ఒక విషయం చూసిందంటే అది ఇక ఆ అపార్ట్‌మెంటు ఉమ్మడి ఆస్తి. లిఫ్టు ఐదో అంతస్తు చేరేలోగా విషాలమ్మ సిగరెట్లు తాగుతోందని తేలింది. మిద్దె మీద బట్టలు ఆరేసే దగ్గరికి వెళ్ళేసరికి రోజుకి రెండు పెట్టెలని ఖాయమైంది. నీళ్ళ మోటారు దగ్గర దిగేసరికి, జీతమంతా తగలేసి చివరికి కింద పడ్డవి ఏరుకునే స్థితికి వచ్చిందని కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నారు.

ఇంట్లో విషాలమ్మ అత్తగారు ఉండేది. హైస్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి దిగిపోయిన మనిషి. ఉద్యోగం దిగింది గానీ గొంతు దిగలేదు. కింద వీధిలో ఎవడైనా గోడ పక్కన నిలబడి పాంటు జిప్పు మీద చెయ్యి వేశాడంటే, ఆవిడ బాల్కనీలోంచి "ఏయ్!" అనే ఒక్క మాటకి వాడు ఆ అవసరమే మర్చిపోయి వెళ్ళేవాడు. అలాంటి అత్తగారు కోడలి సంగతి విన్నాక మూడు రోజులు నోరు విప్పలేదు. పద్ధతిగా వెళ్ళాలనుకుంది.

విషాలమ్మకి చేతిసంచిలో, పొగ మానేవాళ్ళు నమిలే లవంగాల పొట్లం కనపడింది. టీ కప్పు కింద ఊపిరితిత్తుల బొమ్మ పడ్డ వార్తాపత్రిక కనపడింది. ఆవిడ వృత్తిరీత్యా ఆ బొమ్మని ఆసక్తిగా చూసి, "ఎడమది కాస్త పెద్దగా వేశాడు" అనుకుని టీ తాగింది. ఇక బీమా కంపెనీలో పనిచేసే మొగుడు, పెళ్ళైన ఇన్నేళ్ళ తర్వాత, వంటింట్లో వెనక నుంచి వచ్చి జడ దగ్గర ముక్కు పెట్టాడు. విషాలమ్మ సిగ్గుపడింది.

"ఏమిటివాళ?"

"ఏం లేదు. షాంపూ మార్చావా?" అని ఇంకోసారి గట్టిగా వాసన చూసి, గుమ్మంలో నిలబడ్డ తల్లి వైపు తిరిగి ఏమీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపుడు విషాలమ్మ చూడలేదు. ఆ సాయంత్రమంతా కూనిరాగాలు తీసింది పాపం.

ఆదివారం పొద్దున్న అసలు సంగతి పీకల మీదికి వచ్చింది. విషాలమ్మ స్నానం చేసి వచ్చేసరికి భోజనాల బల్ల మీద ఆవిడ దాచుకున్న రేకుడబ్బా మూత తెరిచి ఉంది. సంచులన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. బల్లకి ఆ చివర అత్తగారు, ఈ చివర ఫ్యాను వైపు చూస్తూ మొగుడు.

"కూర్చో" అంది అత్తగారు. "నేను తిట్టను. నా సర్వీసులో పాయిఖానాల వెనక సిగరెట్లు తాగే పిల్లల్ని ఎంతోమందిని పట్టుకున్నాను. వాళ్ళలో ఒక్కడు కూడా నీలా దిగజారలేదు."

"ఏం చేశానత్తయ్యా?"

"వాళ్ళు కొనుక్కుని తాగారు! నీకు జీతం వస్తుంది, వీడికీ వస్తుంది. తాగాలనుంటే ఒక పెట్టె కొనుక్కుని, తలుపేసుకుని, మర్యాదగా తాగొచ్చు. ఊళ్ళోవాళ్ళ ఎంగిలి పీకలు ఏరుకునే ఖర్మ ఏమొచ్చింది తల్లీ మనకి? పైగా వాటికి తారీఖులు కూడానా? ఏది ముందు తాగాలో తెలియడానికా?"

విషాలమ్మకి నవ్వు ఆగలేదు. కుర్చీలో పడిపోయి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మొగుడు భయపడిపోయాడు.

"అమ్మా, దీన్ని ఎవరైనా మంచి డాక్టరుకి..."

"నేనే డాక్టర్నండీ బాబూ" అని కళ్ళు తుడుచుకుని, ఆవిడ మొదటినుంచీ చెప్పింది. చిల్లులు, గాలి, కంటిపాప, అంచు. అత్తగారు మధ్యలో ఆపి ఆపి ప్రశ్నలు వేసింది. చివరికి, "చెప్తే సరిపోదు. చేసి చూపించు" అంది.

విషాలమ్మ లాబ్ నుంచి తెచ్చుకున్న ముట్టించని హాయి ఒకటి తీసి అత్తగారికి ఇచ్చింది. "కొసన పట్టుకుని ఊరికే గాలి పీల్చండి. తేలిగ్గా వచ్చిందా? ఇప్పుడు అందరూ పట్టుకునేలా, ఇదుగో ఇక్కడ వేళ్ళు పెట్టి, పెదాలు దగ్గరగా బిగించి పీల్చండి."

అత్తగారు అద్దాలు సర్దుకుని, సిగరెట్టుని చూపుడు వేలికీ నడిమి వేలికీ మధ్య పెట్టుకుని, బుగ్గలు లోపలికి పోయేలా గట్టిగా పీల్చింది. సరిగ్గా అప్పుడే తెరిచి ఉన్న తలుపులోంచి మూడో అంతస్తు పిన్నిగారు, గిన్నె తిరిగి ఇచ్చే నెపం మీద, లోపలికి అడుగు పెట్టింది.

గిన్నె నేల మీద పడి చాలాసేపు గుండ్రంగా తిరిగింది.

"మీరు కూడానా వదినగారూ!" అంది పిన్నిగారు నీరసంగా.

"అవును, నేను కూడా. లోపలికి వచ్చి తలుపెయ్యి" అంది అత్తగారు సిగరెట్టు నోట్లోంచి తీయకుండానే. "ఊరంతా ఎలాగూ తిరుగుతావు. ఆ తిరిగేదేదో పనికొచ్చేలా తిరుగు."

ఆ పూటతో విషాలమ్మ ఒంటరి పోరాటం ముగిసింది. అత్తగారు వంటింటి పట్టకారు ఒకటి సొంతం చేసుకుంది. పొద్దున్న నడకకి వెళ్ళి పార్కు బెంచీల కింద నుంచి పీకలు పట్టుకొచ్చేది. పిన్నిగారికి పెళ్ళిమండపాలూ సినిమాహాలూ అప్పజెప్పారు. తెచ్చినవన్నీ విషాలమ్మ ముందు పెట్టి ఇద్దరూ పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లల్లా నిలబడేవారు. విషాలమ్మ ఇంట్లో కోడలే గానీ ఈ విషయంలో కనికరం లేని మనిషి.

"ఇది తడిసింది, చెల్లదు. ఇది వేరే కంపెనీది. ఇది చెప్పు కింద పడింది, చెల్లదు."

"నా జీవితంలో ఎవరూ నాకు ఇన్ని సున్నాలు వెయ్యలేదు" అనేది అత్తగారు. అయినా మర్నాడు మళ్ళీ పట్టకారు పట్టుకుని బయల్దేరేది.

విచారణ నాటికి డబ్బా నిండింది. కంటిపాపలు ఎక్కడో ఒకటీ అరా, మిగిలినవన్నీ అంచు దాకా గోధుమరంగే.

విచారణ ప్రయోగశాల సమావేశం హాల్లో జరిగింది. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు కాబట్టి అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని, చివరి వరసలో నిటారుగా కూర్చుంది. పక్కన పిన్నిగారు. ముందు కంపెనీ తరఫున ఇద్దరు. ఒకాయన అమ్మకాల పెద్ద, ప్రతి మాటకీ నవ్వుతాడు. రెండో ఆయన కంపెనీ శాస్త్రవేత్త. బూడిదరంగు సూటు, మెత్తటి గొంతు, మాటకి ముందు చిన్న దగ్గు. ఆయన చెప్పింది విషాలమ్మకి నచ్చింది కూడా. అంకెలు తడుముకోకుండా, అబద్ధం లేకుండా చెప్పాడు. యంత్రం చెప్పిన అంకెలు అవే మరి.

తర్వాత విషాలమ్మ లేచింది. పీకల ఫొటోలు తెర మీద పెద్దవి చేసి చూపించింది. ఎంగిలి పీకలు అంత పెద్దవిగా చూడడం అలవాటు లేక డైరెక్టరు గారు మంచినీళ్ళ గ్లాసు పక్కకి జరిపారు.

కంపెనీ శాస్త్రవేత్త చిన్నగా దగ్గాడు. "అధికారిణి గారి శ్రమ మెచ్చుకోదగ్గది. కానీ ఇవి రోడ్డు మీద దొరికినవి. రాత్రి మంచుకి మరక పాకి ఉండొచ్చు. పైగా తాగినవాళ్ళెవరో మనకి తెలియదు. ఇది సున్నితమైన వస్తువు. ఫిల్టరు కొసన తేలిగ్గా పట్టుకోవాలని పెట్టెలోనే కాగితం పెడతాం. అలా తాగడం రానివాళ్ళని చూసి వస్తువుని తప్పు పట్టడం న్యాయం కాదు."

"తాగడం రానివాళ్ళా?" అంది విషాలమ్మ.

"నా ఉద్దేశం అదే" అన్నాడాయన మర్యాదగా.

డైరెక్టరు గారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆయనకి బాగా తెలిసిన ఉపాయం వాడారు. "టీకి లేద్దాం" అన్నారు.

విషాలమ్మ డీలా పడిపోయింది. మంచు సంగతి నిజం కాదని ఆవిడకి తెలుసు, ఎండలో ఏరినవి ఎన్నో ఉన్నాయి. కానీ తాగినవాళ్ళెవరంటే ఏం చెప్తుంది? టీ కప్పు పట్టుకుని వరండా కిటికీ దగ్గర నిలబడింది. కింద మెట్ల మీద కంపెనీ పెద్దమనుషులిద్దరూ నిలబడి ఉన్నారు. చేతుల్లో నీలం అక్షరాల పెట్టె. వాళ్ళ పక్కనే, చేతిలో టీ సాసరు పట్టుకుని, అత్తగారు.

"నాయనా, ఆ బూడిద నేల మీద వెయ్యకండి, తుడిచేవాళ్ళు కూడా మనుషులే. ఇందులో వెయ్యండి" అంటోంది. గొంతులో ఎంత వాత్సల్యమంటే, ఆ గొంతు తెలిసినవాళ్ళకి వెన్నులో వణుకు పుట్టాలి. "ఇంతకీ ఎలా పట్టుకోవాలన్నారు? వెనక వరసలో సరిగ్గా వినపడలేదు."

శాస్త్రవేత్త ముచ్చటపడి, సిగరెట్టు కొసన రెండు వేళ్ళతో పువ్వు పట్టుకున్నట్టు పట్టుకుని చూపించాడు. అలాగే ఒక దమ్ము లాగాడు. ఇంతలో అమ్మకాల పెద్ద ఫోను మోగింది. వచ్చే వారం ప్రకటనల గురించి ఇద్దరికీ మాట పెరిగింది. మాట పెరిగే కొద్దీ శాస్త్రవేత్త వేళ్ళు కొస నుంచి మెల్లగా చిల్లుల మీదికి జరిగాయి. పెదాలు బిగిశాయి. బుగ్గలు లోపలికి పోయాయి.

కిటికీ దగ్గర విషాలమ్మకి ఆ సాసరు ఎందుకో అర్థమైంది. కిందికి వెళ్ళి ఆపాలి. ఉద్యోగధర్మం ప్రకారం ఆపి తీరాలి. ఆపాలనే అనుకుంది నిజంగా. కాళ్ళే కదల్లేదు. టీ చల్లారింది.

విరామం అయ్యాక డైరెక్టరు గారు ముగించే ధోరణిలో "ప్రజల తరఫున ఎవరైనా మాట్లాడేది ఉందా?" అన్నారు. ఎవరూ ఉండరనే ధీమాతో కాగితాలు సర్దుకుంటున్నారు. చివరి వరసలో చెయ్యి లేచింది. అత్తగారు సాసరు మీద రుమాలు కప్పుకుని ముందుకు నడిచి వచ్చింది. బల్ల మీద పెట్టి, రుమాలు తీసింది.

"రెండు పీకలు. ఇప్పుడే మెట్ల మీద తాగినవి. మంచు కురవలేదు, ఎవరూ తొక్కలేదు. తాగినవాళ్ళకి తాగడం వచ్చు. చదువుకున్నవాళ్ళు, పైగా ఆ కాగితం రాసినవాళ్ళే."

అమ్మకాల పెద్ద నవ్వబోయి ఆపుకున్నాడు. డైరెక్టరు గారు విషాలమ్మ వైపు చూశారు. విషాలమ్మ తలుపు వైపు చూసింది. కానీ ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. ఆవిడ గొంతు సవరించుకుంది.

"ఇలా తీసుకురావడం పద్ధతి కాదు. మీరు కాదంటే ఇవి లెక్కలోకి తీసుకోం" అంది శాస్త్రవేత్తతో. "మీదేనా, చూసి చెప్పండి."

ఆయన లేచి వచ్చాడు. చిమటా అందుకుని, తన పీక తిప్పి వెలుతురుకి పట్టాడు. తెల్లటి అంచు కాదు కదా, తెల్లటి చుక్క కూడా లేదు. చాలాసేపు చూశాడు. కొట్టిపారేస్తాడనే అనుకున్నారందరూ.

"నాదే" అన్నాడు. దగ్గు వచ్చింది, ఈసారి చిన్నది కాదు. తగ్గాక, మైకు ఉన్న సంగతి మర్చిపోయినట్టు, మామూలు గొంతుతో అన్నాడు, "మా ఆవిడ పోరు పడలేక మామూలు సిగరెట్టు మానేసి దీనికి మారాను. తేలికే కదా అని పెట్టె అయ్యేచోట రెండు అవుతున్నాయి."

అమ్మకాల పెద్ద ఆయన కోటు పట్టుకుని లాగాడు. ఆయన కూర్చోలేదు.

గెలిచినప్పుడు ఎలా ఉంటుందో విషాలమ్మ ఎన్నోసార్లు ఊహించుకుంది. ఇలా ఉంటుందని మాత్రం అనుకోలేదు. మెడలో టై, చేతిలో పీక పట్టుకుని, పరీక్ష తప్పిన కుర్రాడిలా నిలబడ్డ ఆ మనిషిని చూస్తే ఆవిడకి చప్పట్లు కొట్టాలనిపించలేదు. మంచినీళ్ళ గ్లాసు ఆయన వైపు జరిపింది.

అత్తగారికి అలాంటి మొహమాటాలు లేవు. "మీ ఆవిడ ఫోను నంబరు ఇస్తారా?" అంది.

హాయి పెట్టె మీద ఆ వాక్యం అచ్చు వెయ్యడానికి అనుమతి రాలేదు. సిగరెట్టు మాత్రం బజార్లోంచి పోలేదు. మామూలు సిగరెట్టులాగే, మామూలు హెచ్చరికతోటే అమ్ముడుపోయింది. అంతకంటే చేసే అధికారం విషాలమ్మకి లేదు, ఆ సంగతి ఆవిడని చాలారోజులు గుచ్చింది. ఇకమీదట చిల్లులున్న ప్రతి సిగరెట్టునీ ఒకసారి మామూలుగా, ఒకసారి చిల్లుల మీద అంటుకునే టేపు చుట్టి పరీక్షించాలని మాత్రం ఆదేశం వచ్చింది. టేపు చుట్టిన మొదటి రోజున అల్లుడుగారి బిళ్ళలు నల్లబడితే, టెక్నీషియన్ "ఇప్పుడు తెలిసింది అల్లుడికి అత్తారిల్లంటే ఏమిటో" అన్నాడు.

మూడో అంతస్తు పిన్నిగారు అపార్ట్‌మెంటంతా తిరిగి, విషాలమ్మ సిగరెట్లు తాగడం లేదని చెప్పింది. ఎవరూ నమ్మలేదు. మొదటి కథే బాగుందన్నారు.

ఇక విషాలమ్మకి పై ఆఫీసు నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. విచారణ హాల్లోకి ఎంగిలి సాసరు తెచ్చిన వృద్ధురాలు ఎవరు, ఆమెకూ మీకూ సంబంధం ఏమిటి, ఆమెను ఎందుకు నివారించలేదు, లిఖితపూర్వకంగా తెలపాలి అని. విషాలమ్మ రెండు కాగితాలు చించేసి, మూడో దాని మీద రాసింది. "సదరు వృద్ధురాలు మా అత్తగారు. ఆమెను నివారించడం నా ఉద్యోగ పరిధిలోకి రాదు."

డైరెక్టరు గారు అది చదివి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇంట్లోనన్నా వస్తుందామ్మా?"

"ఇంట్లో అసలే రాదు సార్."

ఆయన ఒక నిట్టూర్పు విడిచి, "సమాధానం సంతృప్తికరం" అని రాసి సంతకం పెట్టారు.